బోదకాలు: వాచిన కాలికి సబ్బు, బాగున్నవాళ్లకు గోళీలు

అడిగింది ఇది: ఊరు వలిగొండ దగ్గర, మూసీ కాల్వ కింద. అత్తమ్మకు 58 ఏళ్లు. ఎడమ కాలు పదేళ్లుగా వాచి ఉంది. ఏడాదికి నాలుగైదుసార్లు చలిజ్వరం వచ్చి కాలు ఎర్రబడుతుంది. హెట్రజాన్ గోళీలు మూడు కోర్సులు వాడినా వాపు దిగలేదు. ఇంట్లో తొమ్మిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు ఉన్నారు. వాళ్లకు అంటుతుందా? ఏటా ఇంటికి తెచ్చే గోళీలు అందరం మింగాల్నా, అత్తమ్మ ఒక్కతే మింగితే సరిపోతుందా?

చివరి ప్రశ్నకు జవాబు ముందు చెప్తాను, మిగతావన్నీ దాన్నుంచే తేలతాయి. ఆ గోళీల అవసరం అత్తమ్మ కన్నా మీకు, మీ ఆయనకు, పిల్లలకే ఎక్కువ. అత్తమ్మకు కావాల్సింది రోజూ రాత్రి పది నిమిషాలు నీళ్లు, సబ్బు, పొడి బట్ట. చాలా ఇళ్లలో ఇది తిరగబడుతుంది. కాలు వాచినావిడ ఏళ్ల తరబడి గోళీలు మింగుతూనే ఉంటుంది, కాలు బాగున్నవాళ్లు ఆశా కార్యకర్త ఇచ్చిన గోళీలను గూట్లో పెట్టి మరిచిపోతారు.

ఎందుకో చూడండి. ఈ జబ్బును డాక్టర్లు ఫైలేరియా అంటారు, దాన్ని చేసేది వుచెరేరియా బాంక్రాఫ్టి అనే పురుగు. ఆడది 8 నుంచి 10 సెంటీమీటర్ల పొడవుంటుంది, మగది సుమారు 4. లావు మాత్రం కుట్టుదారమంతే. గజ్జల్లోనో, వృషణాల పక్కనో ఉన్న లింఫ్ నాళాల్లో (ఒంట్లో ఊరే నీటిని మోసే సన్నటి గొట్టాల్లో) చుట్ట చుట్టుకొని అయిదారేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే బతుకుతుంది. ఆడది లక్షల్లో పిల్లపురుగులను కంటుంది. అవి కంటికి ఆనవు, పొడవు మిల్లీమీటరులో నాలుగో వంతు. రక్తంలో తిరిగేవి అవే. దోమ రక్తంతోపాటు వాటిని పీల్చుకుంటే, దోమ ఒంట్లో పది పద్నాలుగు రోజులకు అంటించే దశకు ఎదుగుతాయి. దోమ మళ్లీ కుట్టినప్పుడు చర్మం మీదికి జారి, కుట్టిన చిల్లులోంచే లోపలికి పాకుతాయి. అక్కడినుంచి పెద్ద పురుగై పిల్లలు పెట్టేదాకా మరో ఆరు నెలల నుంచి ఏడాది.

ఇప్పుడు కాలి సంగతి. కాలిలోకి దిగిన రక్తంలోంచి ఊరే నీటిలో కొంత ఈ లింఫ్ నాళాల గుండానే పైకెక్కాలి. ఎక్కిన నీరు కిందికి జారకుండా నాళం పొడవునా కవాటాలుంటాయి. బావి మోటారు పైపుకు అడుగున ఫుట్‌వాల్వ్ ఉన్నట్టే అనుకోండి. పురుగు కాపురమున్న చోట నాళం సాగి ఉబ్బుతుంది, కవాటాలు మూసుకోవు, ఎక్కిన నీరు మళ్లీ పాదంలోకే దిగుతుంది. హెట్రజాన్ అంటే డైఈథైల్ కార్బమజైన్, క్లుప్తంగా డీఈసీ. అది పురుగును చంపుతుంది, పాడైన వాల్వును బాగుచేయదు. పైగా పదేళ్ల వాపున్న కాలిలో చాలాసార్లు బతికున్న పురుగే ఉండదు. అది ఎప్పుడో చచ్చి, పాడుచేసిన నాళాన్ని వదిలి పోయి ఉంటుంది. అందుకే బోదకాలు ముదిరినవాళ్లకు రాత్రి రక్తపరీక్ష చేస్తే తరచూ ఏమీ కనపడదు. అదే గల్లీలో కాళ్లు చేతులు చక్కగా ఉండి, పొద్దున్నే పొలానికి పోయే మనిషి రక్తంలో పిల్లపురుగులు ఈదుతుంటాయి. ఊరికి జబ్బు పంచేది ఆ మనిషి, ఆ సంగతి ఆయనకే తెలియదు. అత్తమ్మ కాలు ముట్టుకున్నా, కడిగినా, ఆమె కంచంలో తిన్నా ఎవరికీ రాదు.

ముందుగా, ఆ వాపు నిజంగా బోదకాలేనా అన్నది ఒకసారి రూఢి చేసుకోండి. ఉమ్మడి నల్గొండ జిల్లాలో కాలి జబ్బు ఏదైనా నీళ్ల మీదికే పోతుంది, ఫ్లోరైడ్ చూసిన జిల్లా కదా. ఫ్లోరైడ్ ఎముకలను వంచుతుంది, కీళ్లను బిగదీస్తుంది. కాలును ఇలా లావెక్కించదు. బోదకాలు తాగునీటితో రాదు. రెండు కాళ్లూ ఒకే తీరుగా వాచి, నొక్కితే గుంట పడి, మొహం కూడా ఉబ్బుతుంటే గుండె, మూత్రపిండాలు, కాలేయం, రక్తహీనత చూపించుకోవాలి. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ కూడా కొందరికి పాదాలు వాచేలా చేస్తుంది. ఒక్క పిక్క రెండు మూడు రోజుల్లోనే గట్టిపడి నొప్పి పెడితే అది రక్తం గడ్డకట్టడం కావచ్చు, ఆగకుండా దవాఖానకు పోవాలి. బోదవాపు ఇలా ఉండదు. ఒక కాలికే ఉంటుంది, లేదా ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ ఉంటుంది. చిన్నగా మొదలై ఏళ్ల మీద పెరుగుతుంది. ఇంట్లోనే చూసుకునే గుర్తు ఒకటుంది. బొటనవేలి పక్క వేలి మొదట్లో, పైవైపు చర్మాన్ని రెండు వేళ్లతో చిటికెడు పట్టి లేపండి. మామూలు కాలికి మడత లేస్తుంది. ఏ కారణం వల్లనైనా లింఫ్ వాపు గట్టిపడితే లేవదు, దిమ్మలా ఉంటుంది. లేచినంత మాత్రాన జబ్బు లేదని కాదు, తొలిదశలో లేస్తుంది కూడా.

ఆ తొలిదశను గుర్తుపట్టడం చాలా ముఖ్యం. సాయంత్రానికి పాదం మీద వాపు, రాత్రి పడుకుని లేచేసరికి మాయం. చెప్పు పట్టీ అచ్చు కాలి మీద పడుతుంది, అంతే. ఈ దశలో శుభ్రత మొదలుపెడితే కాలు దాదాపు అలాగే నిలబడుతుంది. తెల్లారినా వాపు దిగడం లేదంటే రెండో దశ. చర్మం మడతలు పడటం, బుడిపెలు లేవడం, నీరు కారడం ఆ తర్వాతివి. మీరు రాసిన దాన్ని బట్టి అత్తమ్మ రెండో దశ దాటింది. కాలు పదేళ్ల కిందటి కాలు కాదు. కానీ ఏటా వచ్చే నాలుగైదు జ్వరాలను ఒకటికో సున్నాకో తేవచ్చు, అవి ఆగితే లావు పెరగడం ఆగుతుంది, కొంత మెత్తబడుతుంది కూడా.

ఆ జ్వరాలు ఎందుకొస్తున్నాయంటే, చాలామంది అనుకునేట్టు పురుగు తిరగబడి కాదు. నీరు నిలిచిన కాలు మురిగిన మడుగు లాంటిది. చర్మం మీద ఏ చిన్న చిల్లున్నా బ్యాక్టీరియా లోపలికి పోతుంది, దాన్ని బయటికి తోసేసే దారి అప్పటికే పాడై ఉంది. ఆ చిల్లు చాలాసార్లు మీరు చూడని చోట ఉంటుంది: నాలుగో వేలు, చిటికెన వేలు మధ్య సందులో. వేళ్లు వాచి ఒకదానికొకటి అతుక్కొని ఉంటాయి, గాలి ఆడదు, తడి ఆరదు, చర్మం తెల్లగా నాని చిట్లుతుంది. వానాకాలం నాట్లప్పుడు, యాసంగి మడి కలుపుల్లో రోజంతా బురదలో నిలబడితే ఇక చెప్పక్కర్లేదు. ఈ రాత్రి దీపం దగ్గర ఆ సందు విడదీసి చూడండి. తెల్లటి పొర, చీలిక, వాసన ఉంటే జ్వరాల మూలం దొరికినట్టే.

కడిగే పద్ధతి చెప్తాను, వరుస ముఖ్యం. ఒక టబ్బు లేదా వెడల్పాటి బేసిను, చెంబు, మామూలు ఒంటి సబ్బు, రెండు మెత్తటి పాత కాటన్ బట్టలు, దూది. టబ్బు, మగ్గు, తువ్వాలు, సబ్బు, పూతమందు ఉన్న కిట్టును ఫైలేరియా బాధితులకు సర్కారు దవాఖానల్లో ఇస్తారు, పీహెచ్‌సీలో పేరు రాయించుకొని అడగండి. నీళ్లు చల్లనివి, లేదా గది వేడికి ఉన్నవి. వేడినీళ్లు వద్దు. హాయిగా ఉంటుంది గానీ కాలిలోకి రక్తం ఎక్కువ దిగి వాపు పెరుగుతుంది. కడిగేవాళ్లు ముందు తమ చేతులు కడుక్కోవాలి. కాలును నాలుగు వైపులా, వేళ్ల సందులూ మడతలూ విడదీసి చూడాలి, ఎక్కడ చీలిక ఉందో గుర్తుపెట్టుకోవాలి. మోకాలి దగ్గర మొదలుపెట్టి కిందికి నీళ్లు పోయాలి. సబ్బును చేతిలో నురగ చేసుకుని ఆ నురగతో పైనుంచి కిందికి రుద్దాలి. సబ్బు బిళ్లతో గీకకూడదు, బ్రష్షు, పీచు, రాయి అసలే వద్దు. మడతల్లోకి, వేళ్ల సందుల్లోకి తడిబట్ట కొసను మెల్లగా దూర్చి తుడవాలి. తర్వాత నురగంతా పోయి నీళ్లు తేటగా కారేదాకా పోయాలి. సబ్బు మిగిలితే అదే దురద పెడుతుంది. బాగున్న కాలిని కూడా ఇలాగే కడగాలి. చాలామంది ఇది వదిలేస్తారు, ఆ కాలి సందుల్లో ఉన్న తామర ఈ కాలికి వస్తుంది.

అసలు పని ఇక్కడినుంచి. కడగడం అందరూ చేస్తారు, ఆరబెట్టడం ఎవరూ చేయరు. పొడి బట్టతో అద్దాలి, రుద్దకూడదు. ఆ తర్వాత దూదిని చిన్న వత్తిలా చేసి ఒక్కో సందులో పెట్టి తీయాలి, వత్తి పొడిగా వచ్చేదాకా. సందులో తెల్లగా నానిన చోట క్లోట్రిమజోల్ లేదా మైకొనజోల్ పూత పలుచగా రాయాలి, వైట్‌ఫీల్డ్ ఆయింట్‌మెంట్ కూడా పనికొస్తుంది. పచ్చి పుండు మీద మాత్రం వైట్‌ఫీల్డ్ మండుతుంది, అక్కడ వద్దు. పుండుంటే యాంటీబయాటిక్ పూత రాయాలి. నూనె, పసుపు ముద్ద, పసరు, జిల్లేడు పాలు, వాతలు, నాటు కట్లు ఏవీ వద్దు. వాటిలో సగం కొత్త చిల్లు చేస్తాయి, సగం చిల్లును కప్పి లోపల తడిని ఉంచుతాయి. పుండ్లుంటే పొద్దున, రాత్రి రెండుసార్లు కడగాలి, లేకపోతే రాత్రి ఒకసారి చాలు. గోళ్లు తిన్నగా కత్తిరించాలి, మూలలు లోతుగా తీయకూడదు. షుగర్ ఉందేమో ఒకసారి పరీక్ష చేయించండి. షుగర్, బోదకాలు రెండూ ఉన్న కాలికి పుండు మానడం కష్టం.

కూర్చున్నప్పుడు కాలు వేలాడకూడదు. ఎదురుగా ఇంకో కుర్చీయో మంచమో వేసి, కాలిని నడుము ఎత్తుకు చాపాలి. పడుకున్నప్పుడు మంచం కాళ్లవైపు రెండు కోళ్ల కింద ఒక్కో ఇటుక, అంటే 10 నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తు. గుండెజబ్బో ఆయాసమో ఉన్నవాళ్లు ఇది డాక్టరును అడిగాకే చేయాలి. మడమలు ఎత్తి దించడం, పాదాన్ని గుండ్రంగా తిప్పడం రోజులో మూడు నాలుగుసార్లు, ఒక్కోసారి పదిహేను ఇరవై మార్లు. పిక్క కండ బిగిసి వదిలినప్పుడల్లా నీరు కొంచెం పైకెక్కుతుంది. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం వైపు గుంట మగ్గం మీద పనిచేసే ఇళ్లకు ఇది మరీ అవసరం. పొద్దంతా కాళ్లు గుంటలోకి వేలాడి ఉంటాయి, ఆ చీకటి గుంట దోమలకు పగటి విడిది కూడా. గంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి. తొక్కుడు కర్ర నొక్కేటప్పుడు మడమ కూడా ఆడేట్టు చూసుకుంటే అదే వ్యాయామం. గుంట అడుగున తడి లేకుండా చూసి, పొద్దున పని మొదలుపెట్టే ముందు గుంటలో బట్టతో ఒకసారి విసిరి దోమల్ని లేపాలి. చెప్పులు వెడల్పుగా, మెత్తటి అట్టతో, పట్టీ వదులు చేసుకునేవై ఉండాలి. సాగే బ్యాండేజి చుట్టడం మంచిదే గానీ నేర్పినవాళ్ల చేత నేర్చుకొని, పాదం నుంచి పైకి, కింద బిగువు పైన వదులుగా చుట్టాలి. తిరగేసి చుడితే నీరు పాదంలోనే బందీ అవుతుంది.

ఇంత చేసినా జ్వరం వచ్చినప్పుడు ఏం చేయాలి? గజ్జల్లో బిళ్ల కట్టి, వణుకు పుట్టి, కాలు ఎర్రగా సలసల కాగుతుంటే ఆ రెండు మూడు రోజులు వ్యాయామం, బ్యాండేజి, మాలిష్ అన్నీ ఆపాలి. చల్లటి నీళ్లలో తడిపిన బట్ట కాలికి వేసి, కాలు ఎత్తులో పెట్టి పడుకోబెట్టాలి. నీళ్లు బాగా తాగించాలి. నొప్పికి, జ్వరానికి పారాసిటమాల్. యాంటీబయాటిక్ డాక్టరే రాయాలి. సాధారణంగా ఎమాక్సిసిలిన్ ఇస్తారు, పెన్సిలిన్ పడనివాళ్లకు వేరేది. రాసినన్ని రోజులూ మింగాలి. రెండో రోజుకు జ్వరం దిగిందని ఆపితే నెల తిరగకుండా మళ్లీ వస్తుంది, అది కొత్త జ్వరమనుకుంటారు. జ్వరమున్న ఆ రోజుల్లో డీఈసీ మొదలుపెట్టకూడదు. ఒకటి రెండు రోజుల్లో జ్వరం దిగకపోయినా, మనిషి తికమకగా మాట్లాడినా, కాలి మీద నీటి పొక్కులు లేచినా జిల్లా దవాఖానకు తీసుకుపోండి. ఏడాదికి నాలుగైదుసార్లు వచ్చేవాళ్లకు కొందరు డాక్టర్లు మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ పెడతారు. శుభ్రత మూడు నెలలు నిక్కచ్చిగా చేసి, అప్పటికీ జ్వరాలు ఆగకపోతే ఆ మాట అడగండి.

చలిజ్వరం అనే మాట మన దగ్గర దీనికీ వాడతారు, మలేరియాకూ వాడతారు. అందుకే కాలు ఎర్రబడకుండా వణుకుతో జ్వరం వస్తే దాన్ని బోదకాలు ఖాతాలో వేయకండి. అమ్రాబాద్ వైపు నల్లమల పెంటలకు (చెంచు గూడేలకు) పోయివచ్చినవాళ్లకు, వలస పనికి దూరం పోయి తిరిగివచ్చిన పాలమూరు కూలీలకు వేలి రక్తంతో మలేరియా పరీక్ష చేయించాకే మందు. వైవాక్స్ రకమని తేలితే కాలేయంలో దాక్కున్న దానికోసం ప్రైమాక్విన్ 14 రోజులు ఉంటుంది. మూడో రోజుకే జ్వరం పోతుంది, మిగతా పదకొండు రోజుల గోళీలు ఇంట్లో మిగిలిపోతాయి, రెండు నెలలకు జ్వరం తిరిగొస్తుంది. గర్భిణులకు అది ఇవ్వరు.

మగవాళ్లలో ఈ పురుగు ఎక్కువగా చేసేది వరిబీజం. సూదితో నీరు తీయిస్తే మళ్లీ నిండుతుంది, పైగా చీము పట్టే ప్రమాదం. చిన్న ఆపరేషనే దానికి మందు, కాలి వాపులా కాకుండా ఇది పూర్తిగా నయమయ్యే కథ. సిగ్గుపడి ఏళ్లు గడపడం అనవసరం. మూత్రం పాలలా తెల్లగా వస్తే, రాత్రిపూట ఎడతెగని పొడిదగ్గు పిల్లికూతలతో వస్తే కూడా ఫైలేరియా సంగతి డాక్టరుకు చెప్పండి. ఆ దగ్గును ఆస్తమా అనుకొని ఏళ్లు ఇన్‌హేలర్ పీలుస్తూ పోయేవాళ్లున్నారు. రక్తంలో ఈసినోఫిల్స్ (ఒక రకం తెల్లరక్తకణాలు) ఘనపు మిల్లీమీటరుకు 3,000 దాటి, మూడు వారాల డీఈసీకి దగ్గు తగ్గితే అది ఫైలేరియా దగ్గే. దీనికి వ్యతిరేక దిశలో ఇంకో తప్పు జరుగుతుంది. ఏ రక్తపరీక్షలో ఈసినోఫిల్స్ కాస్త పెరిగినా హెట్రజాన్ రాసేస్తారు, నులిపురుగుల వల్ల కూడా పెరుగుతాయన్నది చూడరు.

ఇక పిల్లలు. ఒక మంచి సంగతి: మలేరియా క్రిమి దోమ ఒంట్లో వేలకు వేలుగా పెరుగుతుంది, ఒక్క కాటు చాలు. ఫైలేరియా పురుగుల సంఖ్య దోమలో పెరగదు, ఒక పిల్లపురుగు ఎదిగితే ఒకటే అవుతుంది. ఆడా మగా రెండూ ఒకే ఒంట్లో చేరి కాపురం పెట్టాలంటే నెలల తరబడి, వందలు, వేలుగా కాట్లు పడాలి. చుట్టపుచూపుగా రెండు రాత్రులు ఉన్నవాళ్లకు రాదు. చెడ్డ సంగతి: మీ పిల్లలు చుట్టపుచూపుగా లేరు, రోజూ ఆ ఊళ్లోనే నిద్రపోతున్నారు. కాలు వాచేది ముప్పైల్లోనో నలభైల్లోనో కావచ్చు, పురుగు చేరేది చాలామందికి బడి వయసులోనే. అందుకే ఊరు బాగుపడిందా లేదా అన్నది తేల్చడానికి కూడా ఆరేడేళ్ల పిల్లల రక్తమే చూస్తారు. వాళ్లలో లేదంటే ఈ మధ్య కొత్తగా అంటడం లేదని అర్థం.

పరీక్ష చేయించాలంటే రెండు దారులు. పాతది రాత్రి రక్తపరీక్ష, రాత్రి 8:30 నుంచి 12 మధ్య వేలి నుంచి చుక్క తీసి గాజుపలక మీద చూస్తారు. పగలు ఈ పిల్లపురుగులు ఊపిరితిత్తుల సన్నటి నాళాల్లో దాక్కుంటాయి, రాత్రి దోమ కుట్టే వేళకే చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. పగలు ఇచ్చిన రక్తంలో ఏమీ లేదని ల్యాబు రాసిస్తే దాన్ని నమ్మి కూర్చోకండి. రెండో దారి స్ట్రిప్పు పరీక్ష. 75 మైక్రోలీటర్ల రక్తం చాలు, పగలైనా పర్వాలేదు, పది నిమిషాలకు చదవాలి. ఆలస్యంగా చూస్తే లేని గీత తేలవచ్చు. ఇది పట్టేది పెద్ద పురుగు వదిలే పదార్థాన్ని. కాబట్టి మందు వాడిన తర్వాత కూడా చాలాకాలం గీత వస్తూనే ఉండొచ్చు, దాంతో భయపడి కోర్సు మీద కోర్సు వాడనక్కర్లేదు.

రక్తంలో పురుగు తేలినవాళ్లకు కోర్సు కిలో బరువుకు 6 మిల్లీగ్రాముల చొప్పున 12 రోజులు. 50 కిలోల మనిషికి 100 మిల్లీగ్రాముల గోళీ పూటకొకటి, రోజుకు మూడు. ఏటా ఇంటింటికీ ఇచ్చేది ఇది కాదు, ఒకే ఒక్క మోతాదు. రెండు నుంచి అయిదేళ్ల వాళ్లకు 100 మిల్లీగ్రాముల డీఈసీ ఒకటి, ఆరు నుంచి పద్నాలుగుకు రెండు, పదిహేను దాటితే మూడు. వీటితోపాటు అందరికీ ఆల్బెండజోల్ 400 ఒకటి. మీ బాబుకు 1+1, పాపకు 2+1, పెద్దవాళ్లకు 3+1. బాబుకు గోళీలు పొడిచేసి నీళ్లలో కలిపి ఇవ్వండి, గొంతులో ఇరుక్కోకుండా. కొన్ని జిల్లాల్లో మూడో మందు ఐవర్‌మెక్టిన్ కలుపుతారు. దాన్ని వయసుతో కాదు, ఎత్తు కొలిచి ఇస్తారు, అయిదేళ్ల లోపు పిల్లలకు ఇవ్వరు. 2018 చివరినుంచి దేశంలో మొదట మొదలైన అయిదు జిల్లాల్లో నారాయణపేట సరిహద్దునున్న కర్ణాటకలోని యాదగిరి ఒకటి. గర్భిణులు, రెండేళ్ల లోపు పిల్లలు, మంచాన పడ్డ రోగులు ఏ మందూ మింగకూడదు. అత్తమ్మ మింగవచ్చు, జ్వరం లేని రోజున.

అన్నం తిన్నాక మింగాలి, పరగడుపున వద్దు. మింగాక కొందరికి తలనొప్పి, ఒళ్లునొప్పులు, వాంతి, కాస్త జ్వరం రావచ్చు, మగవాళ్లలో కొందరికి వృషణాల దగ్గర చిన్న గడ్డ నొప్పి పుట్టవచ్చు. ఇది చాలావరకు మందు విషం కాదు, లోపల పురుగులు చచ్చినందువల్ల. ఒకటి రెండు రోజుల్లో పారాసిటమాల్‌తో పోతుంది. ఒంట్లో పురుగు లేనివాడికి సాధారణంగా ఏమీ కాదు. అంటే ఇంట్లో ఎవరికి ఇబ్బంది అనిపించిందో వాళ్లకే ఆ గోళీ అవసరం ఎక్కువ ఉండి ఉండొచ్చు. ఊళ్లో మాత్రం లెక్క తిరగబడుతుంది. ఒకరికి వాంతి అయితే చాలు, ఆ గల్లీ అంతా గోళీలు మోరీలో పడతాయి. ఆఫ్రికాలో ఈ మందు ఇవ్వడం లేదట కదా అనే వీడియోలు కూడా తిరుగుతాయి. అక్కడ కొన్ని దేశాల్లో కంటిచూపు తీసే వేరే పురుగుంది, అది ఒంట్లో ఉండగా డీఈసీ పడితే కళ్లకు ముప్పు. ఆ పురుగు మన దేశంలో లేదు.

ఏడాదికి ఒక్క మోతాదు చాలా అంటే, పిల్లపురుగు ఆయుష్షు ఏడాది లోపే. ఏటా ఒకసారి తుడిచేస్తూ, పెద్ద పురుగు ముసలిదై చచ్చేదాకా అయిదారేళ్లు ఆగకుండా చేస్తే దోమకు పీల్చుకోవడానికి ఏమీ దొరకదు. ఊరి జనాభాలో కనీసం 65 శాతం నిజంగా మింగాలి. చేతికి తీసుకున్నవాళ్లు లెక్కలోకి రారు, అందుకే కార్యకర్త తన ముందే మింగమంటుంది. ఆ రోజు ఊళ్లో లేని మగవాళ్లు, కూలికి పోయినవాళ్లు, హైదరాబాద్‌లో చదివేవాళ్లు ఏటా తప్పిపోతుంటారు. ఆ మిగిలిన గుంపులోనే పురుగు బతికిపోతుంది. మీ ఇంట్లో అలా తప్పేవాళ్లుంటే తిరిగొచ్చాక పల్లె దవాఖానలో అడిగి మింగించండి.

దోమ సంగతి. బోదకాలు దోమ క్యూలెక్స్, మురికినీటి దోమ. మూసీ హైదరాబాద్ మురుగునంతా మోసుకొచ్చి భువనగిరి, వలిగొండ మీదుగా వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేదాకా దానికి పండగే. గుర్రపుడెక్క కమ్మిన కాల్వ మీరొక్కరు బాగుచేయలేరు. కానీ మీ పక్కలో కుట్టే దోమల్లో చాలా భాగం మీ గల్లీలోనివే. మోరీ నీటిని గ్లాసులో పట్టి చూడండి. పిల్లదోమ తలకిందులుగా వేలాడుతూ తోక గొట్టాన్ని నీటిపైకి పెట్టి గాలి పీలుస్తుంటే క్యూలెక్స్. నీటికి సమాంతరంగా తేలితే మలేరియా దోమ అనాఫిలిస్, అది తేట నీటిది. గుడ్డు నుంచి రెక్కల దోమకు ఎండకాలం ఎనిమిది పది రోజులు చాలు. అందుకే ఏ పనైనా వారానికోసారి చేయాలి, పదిహేను రోజులకోసారి చేస్తే చేయనట్టే. పొగ మిషను తిరిగితే ఆ గంట ఎగిరే దోమలు చస్తాయి, మోరీలో పిల్లదోమ అలాగే ఉంటుంది. గంబూసియా చేపలు బావికి, తొట్టికి మంచివి, కుళ్లిన మోరీలో బతకవు. నిలిచిన మురుగు మీద లార్విసైడ్ ఆయిల్ చదరపు మీటరుకు 20 మిల్లీలీటర్ల చొప్పున వారంవారం వేయమని పంచాయతీని పట్టుకోండి.

ఇంటి వాడకం నీళ్లకు ఇంకుడు గుంత తవ్వించండి. పొడవు, వెడల్పు, లోతు నాలుగేసి అడుగులు, అడుగున పెద్ద రాళ్లు, పైకి పోయేకొద్దీ చిన్న కంకర. నీళ్లు గుంతలోకి పోయేముందు మెతుకులు, జిడ్డు ఆగడానికి చిన్న తొట్టి ఉండాలి, దాన్ని వారానికోసారి ఎత్తిపోయాలి. ఆ తొట్టి లేని గుంత ఏడాదిలో పూడి, అదే దోమల గుంత అవుతుంది. చల్క నేలలో నీళ్లు ఇట్టే ఇంకుతాయి. నల్లరేగడిలో ఇంకవు, అక్కడ గుంత కన్నా వాలు సరిగా ఉన్న మోరీ మేలు. చేతిపంపుకో బోరుకో కనీసం 30 అడుగుల దూరం ఉండాలి.

అందరూ మరిచేది సెప్టిక్ ట్యాంకు. ఊరంతటికీ దోమల్ని పంచే ఫ్యాక్టరీ అది, పైనున్న గాలిగొట్టంలోంచి సాయంత్రం గుంపులుగా లేస్తాయి. గొట్టం మూతికి సన్నటి నైలాన్ జాలీ రెండు పొరలు వేసి తీగతో బిగించండి, ఎండకు పొడిబారి చిరుగుతుంది కాబట్టి ఆరునెలలకోసారి మార్చాలి. మూత అంచుల్లో పగుళ్లుంటే సిమెంటు పూయండి. మూసి ఉన్న గుంతలో నీటి మీద సెంటీమీటరు మందాన సన్నటి థర్మాకోల్ పూసలు పోస్తే ఏళ్లు పనిచేస్తాయి. పిల్లదోమ గాలికి పైకి రాలేదు, తల్లిదోమ గుడ్లు పెట్టలేదు. పారే మోరీలో మాత్రం పోయొద్దు, కొట్టుకుపోయి చెత్త మిగులుతుంది.

దోమతెర సంగతి కొత్తగా చెప్పేదేం లేదు, పరుపు కిందికి మడిచి దోపాలి, ఒక చిన్న మాట తప్ప. పడుకునే ముందు తెర లోపలి మూలల్లో టార్చి వేసి చూడండి. లోపల చిక్కిన ఒక్క దోమ తెల్లారేదాకా తెరలేనట్టే కుడుతుంది.

పింఛను అత్తమ్మకు రావడం లేదంటే అడగండి. బోదకాలు బాధితులను 2018లో ఆసరా పింఛన్లలో చేర్చారు, నెలకు 1,000 రూపాయలతో మొదలై 2019లో 2,016 అయింది. పీహెచ్‌సీలో కాలు ఏ దశలో ఉందో రాయించిన కాగితం కావాలి. పేరు అక్కడి ఫైలేరియా జాబితాలో ఎక్కిందో లేదో మీ కళ్లతో చూసుకోండి, కిట్టూ పింఛనూ రెండూ ఆ జాబితా నుంచే కదులుతాయి.